తర్కంలో ఆచార్య: రెండేళ్ల చదువుపై ఒక సమీక్ష

ఇంటర్మీడియట్‌లో నాకు సంస్కృతంలో నూటికి 98 మార్కులు వచ్చాయి. ఆ రెండేళ్లలో నేను సొంతంగా కూర్చిన సంస్కృత వాక్యం ఒక్కటీ లేదు. తెలుగు రాష్ట్రాల్లో ఇంటర్ చదివినవారెవరికీ ఇందులో వింత కనిపించదు. ద్వితీయ భాషగా సంస్కృతం తీసుకుంటే మార్కులు తేలికగా వస్తాయనీ, మిగిలిన సమయం ప్రవేశ పరీక్షల చదువుకు కలిసివస్తుందనీ కళాశాలలవారే చెప్పి చేర్పిస్తారు. నాలుగు శబ్దరూపాలు, కొన్ని సంధులు బట్టీపట్టి, పాఠాల సారాంశాలు ఇంగ్లీషులోనో తెలుగులోనో రాసి గట్టెక్కుతాం. ఆ 98 మార్కుల ధైర్యంతోనే డిగ్రీలో సంస్కృతాన్ని ఒక ప్రధానాంశంగా తీసుకుని, ఆ తరువాత దక్షిణాదిలోని ఒక సంస్కృత విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్ర (అంటే తర్క) శాఖలో ఆచార్య కోర్సుకు చేరాను. మొదటి రోజు తరగతిలో పేరు, ఊరు చెప్పేదాకా బాగానే సాగింది. ఈ శాస్త్రాన్నే ఎందుకు ఎంచుకున్నావని ఆచార్యులవారు సంస్కృతంలో అడిగేసరికి నోట మాట రాలేదు. మా ఆరుగురిలో నలుగురి పరిస్థితి ఇంచుమించు అదే.

ఆ రెండేళ్ల చదువు ఇచ్చిన దాన్నీ, ఇస్తానని ఇవ్వని దాన్నీ ఈ సమీక్షలో రాస్తున్నాను. విశ్వవిద్యాలయం పేరు రాయడం లేదు. తప్పుపట్టబోయే విషయాలు అక్కడి ఒకరిద్దరివి కావు, మెచ్చుకోబోయే విషయాలు మాత్రం అక్కడి ఒకరిద్దరి వల్లనే సాధ్యమయ్యాయి. పేరు చెబితే ఆ రెండూ తారుమారవుతాయి.

ఈ చదువుల గురించి బొత్తిగా తెలియనివారి కోసం ముందుగా కొంత చెప్పాలి. సంస్కృత విశ్వవిద్యాలయాల్లో ప్రాక్‌శాస్త్రి ఇంటర్‌కు, శాస్త్రి బి.ఏ.కు, ఆచార్య ఎం.ఏ.కు, శిక్షాశాస్త్రి బి.ఇడి.కి, విద్యావారిధి పిహెచ్.డి.కి సమానం. తిరుపతిలో 1961లో మొదలైన సంస్కృత విద్యాపీఠం 1987లో డీమ్డ్ విశ్వవిద్యాలయమై, 2020లో పార్లమెంటు చేసిన చట్టంతో ఢిల్లీలోని మరి రెండింటితో పాటు కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది. శంకరులు పుట్టిన కాలడిలో 1993 నుంచి మరొకటి నడుస్తున్నది. శృంగేరిలో కేంద్రీయ సంస్కృత విశ్వవిద్యాలయానికి ఒక ప్రాంగణం ఉంది. మామూలు విశ్వవిద్యాలయంలో తత్త్వశాస్త్రమంటే ఒకే శాఖ, అందులో ప్లేటో నుంచి శంకరుల దాకా అందరూ ఒకే పాఠ్యప్రణాళికలో సర్దుకుంటారు. ఇక్కడ అలా ఉండదు. న్యాయం ఒక శాఖ, మీమాంస ఒక శాఖ, సాంఖ్యయోగం ఒక శాఖ. వేదాంతం ఒక్కటే మూడు శాఖలుగా, అద్వైత, విశిష్టాద్వైత, ద్వైతాలుగా విడివిడిగా ఉండటం కూడా సాధారణమే. ఒక వరండాలో మూడు తలుపులు, మూడు సిద్ధాంతాలు, మధ్యాహ్నం భోజనానికి మాత్రం ఒకటే వరస.

నేను చేరిన శాఖ పేరు ఇంకో చిక్కు తెచ్చిపెట్టింది. మావాడు న్యాయశాస్త్రం చదువుతున్నాడని మా నాన్నగారు ఊళ్లో గర్వంగా చెప్పుకున్నారు. పొలం గట్టు తగాదాలో ఉన్న పక్కింటి పెద్దాయన నేను సెలవులకు వచ్చినప్పుడల్లా అడంగల్ నకలు, సర్వే కాగితాలు పట్టుకుని అరుగు మీద కూర్చునేవారు. ఇది వకీలు చదువు కాదు, గౌతమ మహర్షి తర్కం అని రెండుసార్లు చెప్పాను. "తర్కమైతే ఇంకా మంచిదే కదయ్యా, అవతలివాడు అడ్డంగా వాదిస్తున్నాడు" అన్నారాయన. ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదని నాకు మూడో సెమిస్టరులో అర్థమైంది.

ఇక అసలు విషయం, అంటే పాఠం. ఆచార్య స్థాయికి వచ్చేవారు అన్నంభట్టు తర్కసంగ్రహం, విశ్వనాథ పంచాననుడి ముక్తావళి అనే ప్రాథమిక గ్రంథాలు ముందే చదివి ఉంటారని అనుకుంటారు. తర్కసంగ్రహం చిన్న పుస్తకం. "బాలానాం సుఖబోధాయ" అని, పిల్లలకు సుఖంగా తెలియడానికి రాస్తున్నానని గ్రంథకర్తే మొదట్లో చెప్పుకున్నాడు. ఏడు పదార్థాలు, వాటిలో తొమ్మిది ద్రవ్యాలు, ఇరవై నాలుగు గుణాలు, నాలుగు ప్రమాణాలు, అయిదు హేత్వాభాసాలు అని లెక్కలు అప్పజెప్పగలిగితే చాలు, శాస్త్రం వచ్చేసిందనే భ్రమ కలుగుతుంది. అన్నంభట్టు తెలుగువాడు. కాశీకి వెళ్లినంత మాత్రాన ఎవడూ అన్నంభట్టు కాలేడని పండితుల్లో ఒక సామెత కూడా ఉంది. ఆ సామెత మొదటి నెలలోనే మా ఆచార్యులవారు మాకు వినిపించారు, ఎవరినుద్దేశించో చెప్పకుండా.

భ్రమ తొలగింది వ్యాప్తిపంచకం దగ్గర. కొండ మీద పొగ కనిపిస్తున్నది కనుక అక్కడ నిప్పు ఉన్నదని అనుమానించడానికి (శాస్త్రంలో అనుమానమంటే సందేహం కాదు, హేతువును బట్టి నిర్ణయించడం) ఆధారం, పొగకూ నిప్పుకూ మధ్య తప్పిపోని సంబంధం. దాని పేరు వ్యాప్తి. ఎక్కడెక్కడ పొగ ఉంటుందో అక్కడక్కడ నిప్పు ఉంటుందని తర్కసంగ్రహంలో చదువుకున్నప్పుడు ఇందులో ఇక చెప్పడానికేముందని అనిపిస్తుంది. ఆ సంబంధానికి ఏ లోటూ లేని లక్షణం, అంటే నిర్వచనం, చెప్పమన్నప్పుడు గాని కష్టం తెలియదు. మిథిలకు చెందిన గంగేశోపాధ్యాయుడు తత్త్వచింతామణిలో ఈ సందర్భంలో అయిదు లక్షణాలను ఎత్తి చూపి, అయిదింటినీ తోసిపుచ్చుతాడు. మొదటిది "సాధ్యాభావవదవృత్తిత్వమ్". మొత్తం ఒకే సమాసం. తెలుగులో విప్పితే, మనం సాధించదలచినది (సాధ్యం) లేని చోట హేతువు కూడా ఉండకపోవడం.

ఈ ఒక్క సమాసం మీద మాకు మూడు వారాలు పాఠం జరిగింది. ఆచార్యులవారి ముందు పుస్తకం మూసే ఉండేది. ఒకరు పంక్తి చదవాలి, మరొకరు సమాసం విడదీయాలి, ఇంకొకరు ఉదాహరణకు అన్వయించాలి. నిప్పును సాధిస్తున్నాం, నిప్పు లేని చోటు చెరువు, చెరువులో పొగ లేదు. కనుక లక్షణం కుదిరింది. తిరగేసి, నిప్పు ఉన్నది కనుక పొగ ఉన్నదని అంటే? పొగ లేని చోటు ఎర్రగా కాల్చిన ఇనుపగుండు, అందులో నిప్పు ఉన్నది. కనుక లక్షణం కుదరలేదు, కుదరకూడదు కూడా. శతాబ్దాలుగా శాస్త్రంలో ఈ ఇనుపగుండే ఉదాహరణ. మా తరగతిలో ఒకమ్మాయి లేచి, ఇనుపగుండు ఎవరం చూడలేదు, వంటింట్లో గ్యాసు పొయ్యి చెప్పవచ్చా అని అడిగింది. ఆచార్యులవారు కాసేపు ఆలోచించి, "చెప్పవచ్చు, కాని మీ అమ్మగారు పోపు పెట్టనంతసేపే" అన్నారు. నవ్వులు ఆగాక ఆయన దాన్ని అక్కడ వదిలేయలేదు. పోపు పొగ నిప్పు నుంచి వచ్చినదా, నూనె నుంచి వచ్చినదా, తడి కట్టెతో నిప్పు కలిస్తేనే పొగ పుడుతుందని శాస్త్రం చెప్పే ఉపాధికి (అదనపు షరతుకు) ఇది సరిపోతుందా అని గంటసేపు నడిపించారు. ఆ గంటలో నేర్చుకున్నది నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

ఆ తరువాత లక్షణం కూలిపోయే చోటుకు తీసుకెళ్లారు. ప్రపంచంలో ప్రతి వస్తువునూ మాటతో చెప్పవచ్చు, ఎందుకంటే ప్రతి వస్తువూ తెలియదగినదే అని ఒక అనుమానం. దాని సాధ్యం లేని చోటంటూ ఎక్కడా లేదు. లేని చోటే లేనప్పుడు "లేని చోట ఉండకపోవడం" అనే మాటకు అర్థమే ఉండదు. సరైన అనుమానానికే లక్షణం పట్టలేదు కనుక అది అవ్యాప్తి. ఇంకొకటి కోతి ఉదాహరణ. చెట్టు కొమ్మ మీద కోతి కూర్చుంది. చెట్టుకు కోతితో సంయోగం ఉంది, కాని చెట్టు మొదట్లో లేదు. అప్పుడు ఆ చెట్టు కోతి సంయోగం ఉన్న చోటా, లేని చోటా? రెండూ. దీన్ని సరిచేయడానికే రెండో లక్షణం వచ్చింది. మా హాస్టల్ ఆవరణలో వేపచెట్టు మీద కోతులకు కొదవ లేదు. ఆరేసిన తువ్వాళ్లు పోయినప్పుడల్లా ఇలా ఒక భాగంలో ఉండి మరో భాగంలో లేకపోవడాన్ని చెప్పే అవ్యాప్యవృత్తి అనే మాట మా అందరి నోటా వినిపించేది.

ఈ పాఠంలో ప్రాణమనదగినది పదకృత్యం. లక్షణంలోని ఒక్కో పదాన్ని తీసి పక్కన పెట్టి, ఇది లేకపోతే ఏం నష్టం అని అడగడం. నష్టం చూపలేకపోతే ఆ పదం వ్యర్థం, చూపగలిగితే దానికి అక్కడ ఉండే హక్కు ఉంది. రెండేళ్లపాటు రోజూ ఇదే పని చేస్తే చదివే తీరే మారిపోతుంది. నేను ఇప్పుడు ఒక ప్రచురణ సంస్థలో ప్రతులు దిద్దే పని చేస్తున్నాను. ఒక విశేషణం కొట్టేసే ముందు, అది లేకపోతే ఏం నష్టమని ఇప్పటికీ మనసులో సంస్కృతంలోనే అడుగుతాను. మా ఇంటివారి ఆరోగ్య బీమా పత్రంలో ఒకచోట "మరియు", ఇంకోచోట "లేదా" పడిన తేడా పట్టుకున్నది కూడా ఈ అలవాటే. పక్కింటి పెద్దాయన గట్టు కాగితాలు కూడా చివరికి నేనే చదివి, సరిహద్దు రాసిన వాక్యం ఎక్కడ రెండర్థాలకు తావిస్తున్నదో గుర్తుపెట్టి ఇచ్చాను. దాన్ని వారి వకీలుకు చూపించుకున్నారు.

అయితే ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఈ పాఠంలో సగం కూడా కాలపట్టికలో ఉన్న గంటల్లో జరగలేదు. ఉదయం తరగతి యాభై నిమిషాలు. అందులో హాజరు, ప్రకటనలు, ఏదో ఒక ఉత్సవం ఏర్పాట్ల గురించిన కబుర్లు పోగా మిగిలేది తక్కువ. నిజమైన చదువు సాయంత్రం ఆచార్యులవారి ఇంటి వరండాలో, దీపం పెట్టాక జరిగేది. అక్కడికి వెళ్లాలని ఎవరూ చెప్పరు, వెళితే ఎవరూ వద్దనరు, రుసుము అసలే లేదు. మా ఆరుగురిలో వెళ్లింది ముగ్గురం. మిగతా ముగ్గురు అదే కోర్సు, అదే పట్టా, ఒకరు నాకంటే ఎక్కువ మార్కులతో పూర్తి చేశారు, కాని వారు చదివినది వేరే చదువు. కాబట్టి ఈ కోర్సు ఎలా ఉందని నన్నెవరైనా అడిగితే, ఏ కోర్సు అని ఎదురు ప్రశ్న వేయవలసి వస్తుంది.

న్యాయంతో పాటు వేదాంతం అదనపు పత్రంగా తీసుకున్నాను. తత్త్వశాస్త్రం, దైవశాస్త్రం, ప్రాచీన భాష అనే మూడూ నిజానికి విడివిడి చదువులు కావని నాకు నమ్మకం కలిగింది ఆ తరగతిలోనే. ఛాందోగ్యోపనిషత్తు ఆరో అధ్యాయంలో ఉద్దాలకుడు శ్వేతకేతువుకు తొమ్మిదిసార్లు చెప్పే వాక్యంలో "ఆత్మా" తరువాత "తత్త్వమసి" వస్తుంది. ఈ రెండింటినీ కలిపి చదివితే "ఆత్మాతత్త్వమసి". దీన్ని "ఆత్మా, తత్" అని విడదీయవచ్చు. సవర్ణదీర్ఘసంధి తెలిసినవాడు "ఆత్మా, అతత్" అని కూడా విడదీయవచ్చు, వ్యాకరణం అడ్డుచెప్పదు. మొదటి విడదీతలో "అది నీవే". రెండోదానిలో "అది నీవు కాదు". మధ్వాచార్యులు రెండోదాన్ని పట్టుకున్నారు. అద్వైతులు మొదటి పాఠాన్నే తీసుకుని, "ఆ దేవదత్తుడే ఇతడు" అన్నప్పుడు అప్పటి చోటునూ ఇప్పటి చోటునూ వదిలి మనిషినొక్కడినే గ్రహించినట్లు, విరుద్ధమైన అంశాలను వదిలి చైతన్యాన్ని గ్రహించాలన్నారు. రామానుజులు ఏదీ వదలనక్కరలేదన్నారు. "నీవు" అన్న మాట జీవుణ్ణి శరీరంగా గల పరమాత్మ దాకా వెళుతుందని వారి సమన్వయం. ఒక "అ" ఉన్నదా లేదా అన్న చోట మూడు సంప్రదాయాలు, వేల పుటల వ్యాఖ్యానాలు నిలబడి ఉన్నాయి. తెలుగు తాత్పర్యంలో "అది నీవే" అని చదువుకున్నవాడికి అక్కడ అసలు తగాదా ఉందని కూడా తెలియదు.

ఇదే సంగతి నా మిత్రుడొకడితో మాట్లాడినప్పుడు మరోవైపు నుంచి తెలిసింది. అతను పాస్టరుగారి అబ్బాయి, శ్రీరాంపూర్ సెనేట్ కింద హైదరాబాదులో బి.డి. (క్రైస్తవ దైవశాస్త్ర పట్టా) చదివాడు. 1818లో బెంగాల్‌లో స్థాపించిన శ్రీరాంపూర్ కళాశాలకు 1827లో డెన్మార్క్ రాజు పట్టాలిచ్చే అధికారం ఇచ్చాడు. మన దేశంలో క్రైస్తవ దైవశాస్త్ర కళాశాలలు చాలావరకు నేటికీ ఆ పట్టాలే ఇస్తున్నాయి. అతను అక్కడ గ్రీకు, హీబ్రూ అక్షరాల దగ్గర నుంచి నేర్చుకున్నాడు. యోహాను సువార్త మొదటి వచనం తెలుగు బైబిల్లో "వాక్యము దేవుడై యుండెను" అని ముగుస్తుంది. గ్రీకు మూలంలో వాక్యానికి ముందు "హో" అనే ఉపపదం ఉంది, దేవుడనే మాటకు ముందు లేదు. ఆ లేని ఉపపదాన్ని పట్టుకుని క్రీస్తు స్వరూపం గురించి తరతరాలుగా వాదించుకున్నారు. తెలుగులో ఉపపదమే లేదు కనుక ఆ వాదం మన అనువాదంలో కనిపించే అవకాశమే లేదు. మా ఇద్దరి చదువులకూ మధ్య ఎంత దూరమున్నా, ఒక అక్షరం దగ్గర ఆగిపోవడం ఇద్దరికీ అలవాటైంది. అతని ఫిర్యాదు కూడా నాదే: మూలం చదవడానికి చాలినంత సమయం ఇవ్వరు.

ఇక పరీక్షలు. ఇక్కడ నా అభిప్రాయంలో మొహమాటం లేదు. సెమిస్టరు చివర మూడు గంటల రాతపరీక్ష, "లక్షణాన్ని వివరించండి", "లఘుటిప్పణి రాయండి" వంటి ప్రశ్నలు. గత అయిదారేళ్ల పత్రాలు ముందేసుకుంటే అందులో నుంచే సింహభాగం వస్తుంది. ప్రధాన ద్వారం ఎదుట ఉన్న జిరాక్స్ దుకాణంలో ఎప్పటివాడో ఒక పూర్వవిద్యార్థి చేతిరాత నోట్సు దొరికేది. నకలుకు నకలు తీసి తీసి అక్షరాలు బూడిదరంగుకు తిరిగాయి. ఆ నోట్సులో ఇంతకు ముందు చెప్పిన లక్షణం రాసిన చోట ఒక "అ" జారిపోయి "సాధ్యాభావవద్వృత్తిత్వమ్" అని ఉంది. అంటే సాధ్యం లేని చోట హేతువు ఉండటం. అర్థం సరిగ్గా తలకిందులు. మా ఏడాది కనీసం ఇద్దరు ఆ మాటను అలాగే రాసి, దాని కింద సరైన వివరణే బట్టీపట్టింది రాసి, మొదటి శ్రేణిలో ఉత్తీర్ణులయ్యారు. మూడు వారాలు ఒక్క సమాసాన్ని కూలదోసి నిలబెట్టిన శాఖలో, ఆ సమాసం తప్పు రాసినా మార్కు పోలేదు. ఇంటర్‌లో నాకు వచ్చిన 98 మార్కులు గుర్తుకొచ్చి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

దీనికి విరుగుడు సంప్రదాయంలోనే ఉంది. శలాకా పరీక్షలో పుస్తకంలో ఒక పుల్ల దూర్చి, తెరుచుకున్న చోటు నుంచి పంక్తి చెప్పమంటారు. తెనాలిలో జరిగే శాస్త్ర పరీక్షలకు పండితుల్లో ఈనాటికీ ఉన్న గౌరవానికి కారణం, గురువు దగ్గర గ్రంథం ఆసాంతం చదివి మౌఖికంగా నిలబడవలసి రావడమే. విశ్వవిద్యాలయంలో కూడా పోటీల కోసం శలాక పెడతారు, బహుమతులు ఇస్తారు. మార్కుల జాబితాలోకి మాత్రం దాన్ని రానివ్వరు. రాతపరీక్ష సగానికి తగ్గించి మిగతా సగం శలాకకు ఇస్తే ఆ జిరాక్స్ దుకాణం బేరం పడిపోతుంది, అంతకు మించిన నష్టం ఎవరికీ ఉండదు. ఫలితాలు ఆలస్యం కావడం, మార్కుల పత్రంలో ఇంటిపేరు తప్పు పడితే దిద్దించుకోవడానికి నాలుగు నెలలు తిరగడం వంటివి అన్ని విశ్వవిద్యాలయాల్లోనూ ఉన్నవే కనుక వాటి గురించి సాగదీయను.

పుస్తకాల సంగతి కొంత చెప్పాలి. గ్రంథాలయం పెద్దది, పాతది, వేసవిలో చల్లగా ఉంటుంది. కాని పాఠ్యగ్రంథాల్లో విద్యార్థి కొనగలిగేవి చాలావరకు కాశీ ముద్రణలు, వాటికి ఉన్న వ్యాఖ్య హిందీలో. హిందీ బాగా రాని తెలుగు, మలయాళ విద్యార్థులకు ఒక కొండ ఎక్కడానికి ముందు ఇంకో కొండ ఎక్కవలసి వస్తుంది. ఒకప్పుడు మద్రాసు వావిళ్లవారు సంస్కృత గ్రంథాలను తెలుగు లిపిలో ఎంత శుద్ధంగా అచ్చువేశారో, మా తాతగారి ట్రంకుపెట్టెలోని అమరకోశం చూస్తే తెలుస్తుంది. అమరకోశం, కావ్యాలు, స్తోత్రాలు తెలుగు లిపిలో ఇప్పటికీ దొరుకుతాయి. గంగేశుడితో మొదలైన నవ్యన్యాయానికి వచ్చేసరికి చేయి ఖాళీ. కావ్యాలకు వ్యాఖ్య రాస్తూ, మూలంలో లేనిది రాయను, అక్కరలేనిది చెప్పను అని ప్రతిజ్ఞ చేసిన మల్లినాథసూరి మెదక్ ప్రాంతపు కొలిచెలమ వాడు, తర్కసంగ్రహకర్త తెలుగువాడు. ఇంత ఉండీ నవ్యన్యాయ పండితుడు గదాధరుడి ఒక్క వాదగ్రంథానికైనా పంక్తి పంక్తికీ తెలుగు వ్యాఖ్య నా చేతికి అందలేదు.

బోధన అంతా సంస్కృతంలోనే సాగడం మొదటి రెండు నెలలు నరకం, ఆ తరువాత వరం. తెలుగు, కన్నడ, ఒడియా, మలయాళ విద్యార్థులు ఒకే భాషను నాలుగు రకాలుగా పలకడం వినడానికి ముచ్చటగా ఉంటుంది. "తస్మాత్" అనే మాట కేరళ మిత్రుడి నోట "తస్మాల్" అయ్యేది. అలవాటయ్యాక అతను మామూలుగా "తస్మాత్" అంటేనే కోపమొచ్చిందేమో అనిపించేది. భోజనం సాత్వికం, చప్పగా ఉంటుంది, ఆవకాయ ఇంటి నుంచి తెచ్చుకోవాలి. అంతకు మించి చెప్పడానికి లేదు.

లోటుల్లో నన్ను ఎక్కువగా బాధపెట్టినది మాత్రం పక్క గది, అంటే పాశ్చాత్య తత్త్వశాస్త్రం, మాకు మూసి ఉండటం. నేను రెండేళ్లు అనుమానం చదివాను; అరిస్టాటిల్ అనుమాన వాక్యానికీ మన పంచావయవ (అయిదు భాగాల) వాక్యానికీ తేడా ఏమిటో, ఉదాహరణ అనే మూడో అవయవం ఇక్కడ ఎందుకు ఉందో, అక్కడ ఎందుకు లేదో తరగతిలో ఒక్కసారీ ప్రస్తావన రాలేదు. సాయంత్రం వరండాలో అడిగితే, "మీరు చదివి వచ్చి చెప్పండి, వింటాను" అన్నారు ఆచార్యులవారు, నిజంగానే విన్నారు. అటు మామూలు విశ్వవిద్యాలయాల తత్త్వశాస్త్ర శాఖల్లో కాంట్‌ను, భారతీయ దర్శనాలను కలిపి చెబుతారు కాని దర్శనాలను ఇంగ్లీషు అనువాదాల్లోనే చదివిస్తారు. 1931 నుంచి 1936 వరకు ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా ఉన్న సర్వేపల్లి రాధాకృష్ణన్ వంటివారు ఈ రెండు లోకాల మధ్య తిరిగారు. ఇప్పటి పాఠ్యప్రణాళికల్లో ఆ దారి కనిపించదు. పోల్చి చదవాలనే కోరిక ఉన్నవారు ఇక్కడ పగలు సంస్కృతం, రాత్రి సొంతంగా ఇంగ్లీషు పుస్తకాలు అని మానసికంగా సిద్ధపడి రావాలి.

ఉద్యోగాల గురించి అడగనివారు ఉండరు. యు.జి.సి. నెట్‌లో తత్త్వశాస్త్రానికి, సంస్కృతానికి, సంస్కృత సంప్రదాయ విషయాలకు వేర్వేరు పరీక్షలు ఉన్నాయి; చివరిది 73వ సంఖ్య, మా వంటివారికి అదే. అందులో జూనియర్ ఫెలోషిప్ వస్తే విద్యావారిధి ఇబ్బంది లేకుండా సాగుతుంది. మా ఆరుగురిలో ఒకరికి వచ్చింది. ఒకరు ఒడిశాలో పాఠశాల ఉపాధ్యాయులు, ఒకరు దేవస్థానంలో ఉన్నారు, గ్యాసు పొయ్యి అమ్మాయి పెళ్లయి అమెరికా వెళ్లి అక్కడి తెలుగు పిల్లలకు శనివారాలు తర్కసంగ్రహం చెబుతోంది. ఒకరు విజయవాడలో ఒక కార్పొరేట్ కళాశాలలో ఇంటర్ సంస్కృతం చెబుతున్నారు. ప్రతి ఏడూ పిల్లలకు 99 తెప్పించడం ఆయన ఉద్యోగ లక్ష్యం. ఫోన్ చేసినప్పుడు వ్యాప్తి గురించి మాట్లాడమంటారు. మాట్లాడతాను.

ఎవరికి పనికివస్తుందంటే, శాస్త్రి చదివి వచ్చినవారికీ, డిగ్రీ దాకా సంస్కృతం ఎలా చదివినా ఆరు నెలలు ముందుగా సంభాషణ, లఘుకౌముది అనే వ్యాకరణం గట్టిగా చూసుకుని రాగలిగినవారికీ నేను నిస్సందేహంగా చెబుతాను. పట్టా మాత్రమే కావలసినవారు దూరవిద్యలో ఎం.ఏ. చేయడం మేలు, ఇల్లు కదలనక్కరలేదు. చేరేవారు దరఖాస్తు పెట్టే ముందు ప్రవేశ వివరాల పుస్తకం చదివి నిర్ణయించుకోవద్దు. అందులో భవనాల ఫొటోలు, శాఖల పట్టిక, సీట్ల సంఖ్య ఉంటాయి; సాయంత్రం ఎవరి వరండాలో దీపం వెలుగుతుందో ఉండదు. రెండు రోజులు వెళ్లి ఉండి, సీనియర్లను అడిగి, ఒక పాఠంలో వెనక వరసలో కూర్చుని చూడాలి.

మా పెద్దనాన్నగారి మనవరాలు ఈ ఏడాది డిగ్రీ పూర్తి చేసి ఇదే కోర్సు గురించి అడిగితే ఆ మాటే చెప్పాను. వెళ్లింది. రెండో రోజు రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి, "బాబాయ్, అవచ్ఛేదకం అంటే ఏమిటి? వాళ్లు గంటసేపు దాని గురించే మాట్లాడారు, ఒక్క ముక్క అర్థం కాలేదు, కాని లేచి రాబుద్ధి కాలేదు" అంది. ఉదయం చెబుతానని అన్నాను, ఇప్పుడే చెప్పమంది.